చార్జ్ చెప్పే ముందు బయటి మూల చూసుకోండి

మినియేచర్ వార్‌గేమ్‌లో (చిన్న సైనిక బొమ్మలతో ఆడే యుద్ధం ఆటలో) చార్జ్ దూరాన్ని, అంటే శత్రువు మీదికి దూకే దూరాన్ని, చాలామంది యూనిట్ ముందు వరస మధ్య నుంచి శత్రువు దాకా తిన్నగా చూసుకుంటారు. శత్రువు నేరుగా ఎదురుగా ఉంటే పర్లేదు. కాస్త పక్కకు తిరగాల్సి వస్తేనే చిక్కు. వీల్ చేసేటప్పుడు, అంటే యూనిట్‌ను ఒక మూల చుట్టూ తిప్పేటప్పుడు, లోపలి మూల ఉన్నచోటే ఉంటుంది, బయటి మూల వంపు తిరిగి వస్తుంది. చాలా రూల్స్‌లో కదలికలోంచి తీసేసేది ఆ బయటి మూల నడిచిన దూరాన్నే.

60 మిల్లీమీటర్ల వెడల్పున్న బేసులు (బొమ్మలు నిలిపే పలకలు) రెండు పక్కపక్కన పెట్టారనుకోండి, ముందు వరస 12 సెంటీమీటర్లు. అది 45 డిగ్రీలు తిరిగితే బయటి మూల సుమారు 9.4 సెంటీమీటర్లు నడుస్తుంది. 20 సెంటీమీటర్ల చార్జ్ అయితే దాదాపు సగం తిరగడానికే పోయింది!

ముందే కొలవనివ్వని ఆటల్లో ఈ లెక్క బాగా పనికొస్తుంది: 30 డిగ్రీలకు వెడల్పులో సగం, 45కి ముప్పావు కంటే కొంచెం ఎక్కువ, 90కి ఒకటిన్నర రెట్లు.

వెడల్పాటి యూనిట్లను, ముఖ్యంగా పైక్ (పొడవాటి ఈటె) దళాలను, ముందు టర్న్‌లోనే శత్రువు వైపు తిప్పి పెట్టుకోండి. చార్జ్ టర్న్‌లో దూరమంతా ముందుకు దూకడానికే మిగులుతుంది. గుర్రపు దళమైతే వెడల్పు తగ్గించి, రెండు వరసల్లో నిలిపినా చాలు.