మనిషి బొమ్మ గీయడం ఎలా? పోలిక తర్వాత, నిలకడ ముందు

బొమ్మలు నేర్చుకునేవాళ్లలో చాలామంది కళ్లతో మొదలుపెడతారు. రెప్పల వెంట్రుకలు కూడా తీర్చిదిద్దాక కిందికి దిగితే మెడ సన్నబడుతుంది, భుజాలు జారిపోతాయి, పాదాలకు కాగితంలో చోటే మిగలదు. మనిషి బొమ్మలో ముందు కుదరాల్సింది నిలకడ. బరువు ఏ కాలి మీద ఉందో తెలిసేలా గీస్తే, కళ్లూ ముక్కూ లేకపోయినా అది మనిషే.

హెచ్‌బీ, 2బీ, 6బీ పెన్సిళ్లు (వీటిలో 6బీ అన్నిటికన్నా మెత్తగా, ముదురుగా గీస్తుంది), చవకరకం కాగితాల కట్ట ఉంటే చాలు. ఖరీదైన కాగితం ముందుంటే పాడవుతుందన్న భయంతో చెయ్యి బిగుసుకుంటుంది.

1. భంగిమను పట్టుకోండి

ఒక్కో బొమ్మకు 30 సెకన్ల నుంచి 2 నిమిషాల సమయమే ఇవ్వండి. తల నుంచి బరువు మోస్తున్న పాదం దాకా ముందు ఒకే వంపు గీత గీయండి. తర్వాత భుజాల వాలుకు ఒక గీత, తుంటి వాలుకు మరో గీత. ఒక కాలి మీద బరువు వేసి నిలబడితే ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం సాధారణంగా కిందికి దిగుతుంది. ఆలయ శిల్పాల్లో కనిపించే త్రిభంగికి, అంటే మూడు వంపుల భంగిమకు, ఆధారం ఈ ఎదురెదురు వాలే.

నిలకడను పరీక్షించడం తేలిక. గొంతు కింది గుంట నుంచి నిట్టనిలువుగా గీత దించండి. దేనికీ ఆనుకోకుండా ఒంటికాలి మీద బరువు వేసిన మనిషికి ఆ గీత బరువు మోస్తున్న పాదం దగ్గర పడాలి. దూరంగా పడితే బొమ్మ తూలుతున్నట్టే ఉంటుంది, ఎంత నీడ వేసినా ఆ లోపం దాగదు.

సాధనకు బస్టాండు, రైల్వే ప్లాట్‌ఫారం మంచి చోట్లు. ఎదురుచూసే జనం కాళ్లు మార్చుకుంటూ రకరకాల భంగిమలు ఇస్తారు. గీస్తున్నారని తెలిస్తే మాత్రం వెంటనే సర్దుకుని ఫొటోకు నిలబడ్డట్టు నిలబడతారు. అక్కడితో ఆ బొమ్మ వదిలేయడమే మేలు.

2. తలను కొలబద్దగా వాడండి

సాధారణంగా పెద్దవాళ్ల ఎత్తు దాదాపు ఏడున్నర తలలు. హుందాగా కనిపించాలని చిత్రకారులు ఎనిమిది తలలకు సాగదీస్తుంటారు. అప్పుడే పుట్టిన బిడ్డకు నాలుగు తలలే. అందుకే పెద్దవాళ్ల బొమ్మను చిన్నదిగా గీసినంత మాత్రాన పసిబిడ్డ కాదు.

మన శిల్పశాస్త్రంలోనూ ఇలాంటి లెక్క ఉంది. తాళానికి 12 అంగుళాల చొప్పున నవతాళ, అంటే తొమ్మిది తాళాల, ప్రతిమ ఎత్తు 108 అంగుళాలు (ఈ అంగుళం ఇంచి కాదు, తాళంలో పన్నెండో వంతు). అక్కడ తాళమంటే ముఖం పొడవు, తల మొత్తం కాదు. రెండు లెక్కలనూ కలిపేయకండి.

గుర్తుంచుకోవాల్సినవి కొన్నే. నిలబడ్డ మనిషి ఎత్తులో సగం కాళ్లు మొదలయ్యే చోట వస్తుంది, నడుము దగ్గర కాదు. చేతులు వేలాడదీస్తే మోచేతులు నడుము దగ్గర, మణికట్లు తొడల మొదట్లో, వేళ్ల కొసలు తొడల మధ్యలో ఉంటాయి. కళ్లు తల ఎత్తుకు దాదాపు సగంలో ఉంటాయి. నుదురును లెక్కలోకి తీసుకుని పైనున్న జుట్టును మరిచిపోవడం వల్లే అవి పైకి ఎక్కిపోతాయి. బాసింపట్టు వేసుకుని నిటారుగా కూర్చున్న మనిషి నేల నుంచి సుమారు నాలుగు తలల ఎత్తు ఉంటాడు.

3. కండరాలకన్నా ముందు ఎముకలు

కండరాల పేర్లన్నీ బట్టీ పట్టి కూడా ముంజేతిని గీయలేనివాళ్లు ఉంటారు. చర్మానికి దగ్గరగా కనిపించే ఎముకలతో మొదలుపెట్టడం నయం: మెడ కింది ఎముకలు, రొమ్ము ఎముక, తుంటి అంచు, మోచేతి మొన, మోకాలి చిప్ప, చీలమండ. మనిషి లావైనా సన్నమైనా ఇవి దారి చూపిస్తాయి. లోపలి చీలమండ బయటిదానికన్నా ఎత్తులో ఉంటుంది. పిక్కలో బయటి ఉబ్బు పైన, లోపలిది కాస్త కింద ఉంటుంది. ఈ రెండూ తప్పితే కాలు కర్రలా కనిపిస్తుంది.

ముంజేతిలోని రెండు ఎముకలను మీ చేతిలోనే గమనించండి. అరచేయి పైకి ఉన్నప్పుడు అవి పక్కపక్కన ఉంటాయి. బోర్లించగానే బొటనవేలి వైపు ఎముక రెండోదాని మీదుగా తిరుగుతుంది, ముంజేతి ఆకారమే మారిపోతుంది.

చీర, పంచె గీసేటప్పుడు ముందు లోపలి కాళ్లను పలచగా గీసి, ఆపైన బట్ట వేయండి. కుచ్చిళ్లు ఎంత చక్కగా వచ్చినా, మోకాలు ఎక్కడుందో బట్ట చెప్పకపోతే అది కొయ్యకు చుట్టిన చీరే.

4. పర్‌స్పెక్టివ్ (దూరాన్ని, లోతును చూపడం): కంటిమట్టం

మీరు నిలబడి చూస్తుంటే, చదునైన నేల మీద మీ ఎత్తే ఉండి నిలబడ్డ మనుషులందరి కళ్లూ దగ్గరైనా దూరమైనా ఒకే అడ్డగీత మీద ఉంటాయి. పాదాలు మాత్రం దూరం వెళ్లేకొద్దీ పైకి జరుగుతాయి. అదే మీరు కుర్చీలో కూర్చుంటే ఆ గీత నిలబడ్డవాళ్ల ఛాతీ దగ్గరికి దిగుతుంది. గుంపును గీయాలంటే ఈ ఒక్క సూత్రంతో చాలా పని జరుగుతుంది.

ఒకే శరీరంలోనూ ఇదే వర్తిస్తుంది. చేతులను, కాళ్లను గొట్టాలుగా ఊహించుకోండి. గాజులు, చొక్కా చేతుల అంచులు ఎటు వంగాయో చూస్తే ఆ గొట్టం మీ వైపు వస్తోందో, వెనక్కి వెళుతోందో తెలుస్తుంది. చెయ్యి మీ వైపు చాచినప్పుడు పొడవు తెలిసిందే కదా అని గీయకండి, కళ్లకు కనిపించినంతే గీయండి. అరచేయి ముంజేతిని, ముంజేయి దండచేతిని ఎక్కడ కప్పేస్తోందో ఆ గీతలే లోతును చూపిస్తాయి.

5. వెలుగు, నీడ

గదిలో ఒకే దీపం ఉంచి, పక్క నుంచి వెలుగు పడేలా చూడండి. కళ్లు సగం మూసి చూస్తే వివరాలు పోయి వెలుగు, నీడ అనే రెండే భాగాలు మిగులుతాయి. నీడ భాగం మొత్తానికి ముందు ఒకే పలచని పొర వేయండి. ఒంటి గుండ్రటి భాగాల మీద వెలుగు నీడలోకి మెల్లగా మళ్లుతుంది కాబట్టి ఆ అంచు మెత్తగా ఉండాలి. ముక్కు నుంచి పెదవి మీద, గడ్డం నుంచి మెడ మీద పడే నీడ అంచు మాత్రం పదునుగా ఉంటుంది.

నీడలోకి గోడ నుంచి, నేల నుంచి తిరిగివచ్చే వెలుగు కూడా కనిపిస్తుంది. అక్కడ చెయ్యి ఆపుకోవడం కష్టం. దాన్ని వెలుగు భాగమంత తెల్లగా వదిలేస్తే శరీరం లోహంలా మెరుస్తుంది. 6బీ పెన్సిల్ చివరగా తీయండి. చంకలో, గడ్డం కింద, పాదం నేలకు తాకే చోట మాత్రమే వాడండి.