జాంగో వెర్షన్ మారగానే మీ లైబ్రరీ ఆగిపోతోందా?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల లెక్కలు రాసే చిన్న జాంగో (పైథాన్‌లో వెబ్ యాప్‌లు కట్టే ఫ్రేమ్‌వర్క్) లైబ్రరీని కొన్నేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. ఫోన్ చేసిన ప్రతివాళ్లనూ ముందు ఒకటే అడుగుతాను: సర్వర్ నడుస్తున్న వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో జాంగో వెర్షన్ ఎంత? మీ లాప్‌టాప్‌లోది కాదు. దయచేసి ఇది చూశాకే కోడ్ ముట్టుకోండి.

ఇంపోర్ట్ ఎర్రర్ వస్తే

జాంగో 4.0లో యూగెట్‌టెక్స్ట్, ఫోర్స్‌టెక్స్ట్, పాత యూఆర్ఎల్ ఫంక్షన్ తీసేశారు. వాటి బదులు గెట్‌టెక్స్ట్, ఫోర్స్‌ఎస్‌టీఆర్, రీపాత్ వాడండి. ఇవి 2.0లోనూ పనిచేస్తాయి కాబట్టి వెర్షన్‌కో దారి రాయనక్కర్లేదు. జాంగో ఏదీ చెప్పకుండా తీసేయదు, ముందు వెర్షన్లలోనే వార్నింగ్ ఇస్తుంది. టెస్టులు నడిపేటప్పుడు పైథాన్‌లో వార్నింగ్స్ అన్నీ కనిపించేలా పెట్టుకోండి.

ఎర్రర్ ఏమీ లేదు, కానీ లైబ్రరీ ఫోల్డర్‌లో మీరు రాయని మైగ్రేషన్ పుట్టింది

దీని దెబ్బ నేను గట్టిగా తిన్నాను. పట్టుబడి రోజుల్లో ఒక మేత డీలర్ దగ్గర నా కొత్త వెర్షన్ వేశారు. డేటాబేస్ టేబుళ్లను మార్చే ఫైళ్లే మైగ్రేషన్లు; వాటిని నడిపే మైగ్రేట్ కమాండ్ ఆగిపోయింది. చూస్తే 0007 తర్వాత రెండు 0008లు: ఒకటి నాది, ఒకటి అంతకుముందు వాళ్ల మెషీన్‌లో పుట్టింది. ప్యాకేజీలు వేసే పిప్ తను పెట్టిన ఫైళ్లనే తీస్తుంది, వాళ్ల దగ్గర పుట్టినదాన్ని ముట్టుకోలేదు.

కారణం ప్రైమరీ కీ, అంటే టేబుల్‌లో ప్రతి వరసకూ ఉండే ఐడీ. 3.2లో డిఫాల్ట్ ఆటో ఫీల్డ్ అనే సెట్టింగ్ వచ్చింది. ఆ ఐడీ ఏ రకమో అది చెబుతుంది: పాతది ఆటోఫీల్డ్, ఇంకా పెద్ద అంకెలు పట్టేది బిగ్‌ఆటోఫీల్డ్. వాళ్ల ప్రాజెక్టులో అది బిగ్‌ఆటోఫీల్డ్. నా లైబ్రరీ ఏదీ చెప్పలేదు కాబట్టి వాళ్ల సెట్టింగే నా టేబుళ్లకూ పట్టింది. 6.0లో బిగ్‌ఆటోఫీల్డే డిఫాల్ట్ అయింది, కాబట్టి సెట్టింగ్ ముట్టుకోనివాళ్లకూ ఇది తగులుతుంది.

లైబ్రరీ యాప్‌కాన్ఫిగ్‌లో (యాప్ సొంత సెట్టింగులు రాసే క్లాస్) డిఫాల్ట్ ఆటో ఫీల్డ్ రాసేయండి. పాత మైగ్రేషన్లలో ఆటోఫీల్డ్ ఉంటే అదే రాయండి. కొత్తది బాగుందని బిగ్ పెడితే వాడేవాళ్లందరి టేబుళ్లూ మారాల్సి వస్తుంది.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు బ్యాకప్ తీసి, లైబ్రరీ పాత వెర్షన్ మీదే ఉండి, 0007కి వెనక్కి మైగ్రేట్ చేసి, ఆ తర్వాతే ఆ ఫైల్ తీసేయాలి. ఫైల్ ముందే తీసేస్తే డేటాబేస్‌లో కాలమ్ మారిపోయే ఉంటుంది, మైగ్రేట్‌తో వెనక్కి తెచ్చే దారి ఉండదు.

మన టెస్టుల్లో ఇది దొరకకపోవడానికి కారణం, టెస్ట్ ప్రాజెక్టులో ఎప్పుడూ పాత సెట్టింగే ఉండటం. ఆటోఫీల్డ్, బిగ్‌ఆటోఫీల్డ్ రెండూ పెట్టి, మీరు సపోర్ట్ చేసే ప్రతి వెర్షన్‌లో మైగ్రేషన్లు పుట్టించే మేక్‌మైగ్రేషన్స్ కమాండ్‌ని చెక్ ఆప్షన్‌తో నడపండి.

మిగతావి

5.0లో టైమ్‌జోన్లు చూసే పైటీజెడ్‌కి సపోర్ట్ పోయింది, జోన్‌ఇన్ఫోకి మారండి. డేటాబేస్ డ్రైవర్ తేడాలు నాకు చాలా అరుదుగా తగిలాయి. పైవన్నీ చూశాకే అటు వెళ్లండి.