కింది పట్టీ చదవగలిగామా? టీవీ వార్తల తెరను విమర్శించే పద్ధతి

మా అన్నయ్య కొడుకు పోయిన నెల ఓ ఆదివారం చెన్నై పెరంబూరులోని మా ఇంటికి వచ్చాడు. టీవీలో ఒక తెలుగు న్యూస్ ఛానల్ కొత్త రూపంలో కనబడింది. "అత్తా, ఈ సెట్ అస్సలు బాలేదు" అన్నాడు. "ఏం బాలేదురా?" అంటే, "ఏమో, చూస్తుంటే చిరాగ్గా ఉంది" అన్నాడు. వాడి చిరాకు నిజమే. కానీ ఆ ఒక్క మాట పట్టుకుని ఛానల్లో కూర్చున్నవాళ్లు ఏం సరిచేయగలరు? నేను చెన్నైలో పద్దెనిమిదేళ్లు టీవీ వార్తల గ్రాఫిక్స్ డెస్క్ మీద పనిచేశాను. "బాలేదు", "పాతదే బాగుండేది" అనే ఉత్తరాలు చాలా వచ్చేవి. చదివి పక్కన పెట్టేవాళ్లం, ఎందుకంటే వాటిలో మేం చేయడానికి ఏమీ ఉండేది కాదు. "మూడో వార్తకి కింద వేసిన పేరు చదివేలోపే పోయింది" అని రాసినవాళ్ల మాట మాత్రం మర్నాడే మా మీటింగులోకి వచ్చేది. ఆ రెండో రకం విమర్శ ఎలా చేయాలో వాణ్ణి మూడు సాయంత్రాలు పక్కన కూర్చోబెట్టుకుని చూపించాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఎవరి కళ్లతో చూస్తున్నారో తేల్చుకోండి. మా ఇంట్లో నాకు ఇద్దరున్నారు. ఒకరు మా అత్తయ్య. 79 ఏళ్లు, రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. ఆవిడ మంచానికి, 32 అంగుళాల టీవీకి మధ్య పది అడుగులుంటాయి. రెండోవాడు మా అన్నయ్య కొడుకే. తమిళనాడులో 2006 నాటి చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయింది. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతి పైకి వెళ్లింది. ఆ తర్వాత బడికెళ్లిన మా పిల్లలు చాలామంది తెలుగు గలగలా మాట్లాడతారు, చదివేటప్పుడు మాత్రం కూడబలుక్కుంటారు. మావాడు తెలుగు అక్షరాలు గుర్తుపట్టింది వార్తల కింద పరిగెత్తే స్క్రోలింగ్ చూసే. అందుకే ఆ పట్టీ మీద నాకంత పట్టింపు. మద్రాసులో చాలా తెలుగు ఇళ్లల్లో పిల్లల కంటికి రోజూ ఆనే తెలుగు రాత అదొక్కటే. మీ ఇంట్లోనూ ఇలాంటి ఇద్దరుంటారు. విమర్శ వాళ్ల కుర్చీలోంచి చేయండి.

తప్పు ఎవరిదో చూడండి

కేబుల్‌లో వచ్చే బొమ్మ, అదే ఛానల్ యూట్యూబ్ లైవ్‌లో ఇచ్చే బొమ్మ ఒక్కలా ఉండకపోవచ్చు. కొన్నిచోట్ల కేబుల్ ఆపరేటర్ తెర అడుగున తన స్థానిక ప్రకటన అంటిస్తాడు. పాతకాలపు 4:3 కొలత బొమ్మను వెడల్పైన 16:9 తెర నిండా సాగదీసేలా సెట్‌టాప్ బాక్స్ ఉంటే యాంకర్ ముఖం వెడల్పుగా కనిపిస్తుంది. టీవీలో పిక్చర్ సైజు జూమ్‌లో ఉంటే నాలుగు అంచులూ తెగిపోతాయి. వీటిలో ఏదీ ఛానల్ తప్పు కాదు. ఫోన్‌లో లైవ్ పెట్టి టీవీ పక్కన పట్టుకుని పోల్చితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

అంచుల విషయంలో యూరప్ ప్రసార సంస్థల సమాఖ్య ఈబీయూ సిఫారసు ఒకటుంది. 16:9 తెరలో అక్షరాలు ప్రతి అంచు నుంచీ 5 శాతం లోపలికే ఉండాలి. మా 32 అంగుళాల టీవీలో అది పక్కల సుమారు మూడున్నర సెంటీమీటర్లు, కింద రెండు. స్క్రోలింగ్ పక్క అంచులు దాటి పోవడం మామూలే. అది కింది అంచుకి అంటుకుపోతే మాత్రం రాసిపెట్టుకోండి.

అక్షరాలు

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. తెలుగు అక్షరం ఒక గీత మీద కూర్చునేది కాదు. పైన గుడి, ఏత్వం, కింద వత్తు, వత్తుకి మళ్లీ వత్తు. తమిళానికి ఈ వత్తుల బరువు లేదు. నేను పనిచేసిన ఒకచోట నాలుగు భాషలకీ ఒకే టెంప్లేట్ వాడేవాళ్లు. తమిళానికి సరిపోయేలా పట్టీ ఎత్తు కొలిచి, అందులోనే తెలుగు పోయమనేవాళ్లు. పోస్తే వత్తులు పట్టీ అడుగున తెగేవి, లేకపోతే అక్షరం సైజు తగ్గించాల్సి వచ్చేది. ఎత్తు పెంచమని నేను అడిగిన ప్రతిసారీ "డిజైన్ ఫిక్స్ అయిపోయింది" అనేవాళ్లు. చూసేవాళ్ల దగ్గర్నుంచి తేదీ, టైము వేసి ఒక ఉత్తరం వచ్చాకే పెంచారు.

కాబట్టి మీరు వెతకాల్సిన మొదటి మాట "రాష్ట్రం". వార్తల్లో ఇది రోజూ వస్తుంది. ష కింద ట వత్తు, దానితోపాటు ర వత్తు. పట్టీ అడుగున ఆ రెండూ పూర్తిగా కనిపిస్తున్నాయా? కింది లైను వాటిని తొక్కుతోందా? కొన్ని సాఫ్ట్‌వేర్లలో వత్తులు కిందకి దిగకుండా పొల్లుతో విడిపోయి "రాష్‌ట్‌రం" అని పడుతుంది. అలా కనబడితే టైప్ చేసినవాళ్ల తప్పు కాదు, అక్షరాలు పేర్చే యంత్రానికి తెలుగు రాదని అర్థం. ఉత్తరంలో ఆ తేడా రాస్తే నేరుగా ఇంజినీర్ల దగ్గరికి వెళుతుంది.

రెండో పరీక్ష "కథ". థ పొట్టలో చుక్క ఉంటుంది, ధ పొట్టలో ఉండదు. లావు ఫాంటులో, సైజు తగ్గితే, చుక్క పూడిపోయి రెండూ ఒకటైపోతాయి. రామభద్ర లాంటి లావు ఫాంటు పెద్ద శీర్షికకు నిండుగా ఉంటుంది, అదే ఫాంటుతో స్క్రోలింగ్ నింపితే పది అడుగుల నుంచి నల్లటి ముద్దలు కనిపిస్తాయి. అక్షరం చుట్టూ బంగారు అంచు, నీడ, మెరుపు వేసినా ఇదే జరుగుతుంది. రంగుల విషయానికొస్తే, పసుపు మీద తెలుపు చదవలేం. వెబ్‌సైట్లకు వాడే ప్రమాణం ప్రకారం మామూలు సైజు అక్షరానికి, నేపథ్యానికి మధ్య కనీసం 4.5కి 1 వెలుగు తేడా ఉండాలి. ఫోటో తీసి, కాంట్రాస్ట్ చెప్పే ఉచిత సైటులో రెండు రంగులూ పెడితే అంకె వస్తుంది. ఆ అంకె ఉత్తరంలో వేయండి.

ఇక సమయం. పేరు, హోదా ఉన్న పట్టీని మా డెస్క్‌లో ఆస్టన్ అనేవాళ్లం. అక్షరాలు వేసే పాత బ్రిటిష్ యంత్రం పేరు అలా నిలిచిపోయింది. తెర మీదికొచ్చాక దాన్ని రెండుసార్లు పైకి చదవగలిగేంతసేపు ఉంచాలని నేను మొదటి నుంచీ పట్టుకున్న లెక్క. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి మీ ఇంట్లో నెమ్మదిగా చదివేవాళ్లతో చదివించండి. "వ్యవసాయశాఖామంత్రి" ఒక్క మాటే అయినా అక్షరాలెన్నో చూడండి. అందుకే తెలుగులో మాటలు కాదు, అక్షరాలు లెక్కపెట్టాలి.

ఆ తర్వాత టీవీ మ్యూట్ చేయండి. ఒకేసారి తెర మీద ఎన్ని కదులుతున్నాయి? పైన బ్రేకింగ్ న్యూస్ శీర్షిక పలక (ప్లేట్), పక్కన మారే ఫోటోలు, కింద రెండు వరుసల స్క్రోలింగ్, యాంకర్ వెనక తిరిగే గోళం. మా అత్తయ్య ఓ రోజు, "అమ్మాయ్, ఏది చదవాలో చెప్పవే, అదే చదువుకుంటా" అంది. ఆ మాటే ఒక పూర్తి విమర్శ. నేను దాన్ని ఉన్నదున్నట్టు ఛానల్‌కి రాశాను.

మ్యూట్‌లో చూస్తేనే దొరికే తప్పు ఇంకోటుంది, వార్త మారినా పట్టీ మారకపోవడం. ఒకసారి మా డెస్క్‌లో రోడ్డు ప్రమాదం వార్త తాలూకు "ముగ్గురి మృతి" ప్లేట్ తీసేలోపు తర్వాతి వార్త విజువల్స్ వచ్చేశాయి. అవి బడి పిల్లలు బహుమతులు అందుకుంటున్నవి. తొమ్మిది సెకన్లు అలాగే ఉండిపోయింది. ఆ పిల్లల్లో ఒకరి తల్లి ఫోన్ చేసి ఏడ్చింది. ఆ గొంతు నాకింకా గుర్తుంది. తెర మీద రాతకి, బొమ్మకి సంబంధం తెగిన ప్రతి క్షణాన్నీ సెకన్లతో సహా రాయండి. అది చిన్న విషయం కాదు.

మ్యాపులు, అంకెలు

2023 డిసెంబర్ 3, 4 తేదీల్లో మిచౌంగ్ తుఫాను చెన్నైని ముంచేసింది. 5న మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వీధిలో కరెంటు లేదు, ఫోన్‌లో తెలుగు వార్తలు చూస్తున్నాం. ఒక ఛానల్ మ్యాపు నెల్లూరు దగ్గరే ఆగిపోయింది. మేం నీళ్లలో ఉన్న ఊరు ఆ మ్యాపులోనే లేదు. ఇంకో ఛానల్ కోస్తా మొత్తానికి ఎరుపు పూసింది. వాతావరణశాఖ రంగులకు అర్థాలున్నాయి. ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు, పసుపు అంటే గమనిస్తూ ఉండాలి, నారింజ అంటే సిద్ధంగా ఉండాలి, ఎరుపు అంటే చర్య తీసుకోవాలి. నారింజ జిల్లాకు ఎరుపు పూస్తే ఆ ఊరివాళ్లకి తప్పుడు సమాచారం ఇచ్చినట్టే. తుఫాను మ్యాపులో మూడు చూడండి: ఏ గంటకి వేసిన మ్యాపో రాశారా, రంగులు వాతావరణశాఖవేనా, పక్క రాష్ట్రంలో అదే తుఫానులో ఉన్న ఊళ్లు కనిపిస్తున్నాయా.

ఎన్నికల బోర్డుకి కూడిక చాలు. 2024 జూన్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 175 సీట్లకు లెక్కింపు జరిగింది, మెజారిటీకి 88 కావాలి. చివరికి టీడీపీ 135, జనసేన 21, వైసీపీ 11, బీజేపీ 8. కలిపితే 175. ఇలాంటి రోజున తెరను ఆపి కూడండి. ఆధిక్యం, గెలుపు విడివిడిగా చూపించారా లేక ఒకే అంకెలో కలిపేశారా చూడండి. 135కి, 11కి గీసిన కడ్డీల ఎత్తులో పన్నెండు రెట్ల తేడా ఉండాలి. స్కేలు పెట్టి కొలవచ్చు, నేను కొలుస్తాను.

స్టూడియో

కొత్త సెట్‌ని మొదటిరోజు తేల్చేయకండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి మూడు షిఫ్టుల్లో చూడండి. లైట్లు సర్దుకోవడానికే వారం పడుతుంది. ఆ తర్వాత గాజు టేబుల్ మీద లైట్ల ప్రతిబింబం, ఎల్ఈడీ గోడ మీద కెమెరా కదిలినప్పుడు వచ్చే అలల్లాంటి గీతలు, సన్నగళ్ల చొక్కాలో మెరిసే చారలు చూడండి. వెనక వేరే బొమ్మ వేయడానికి వాడే ఆకుపచ్చ తెర ముందు కూర్చున్నప్పుడు జుట్టు అంచున పచ్చటి గీత వస్తుంది. అక్కడ ఆకుపచ్చ అంచు పట్టుచీర కడితే ఆ అంచులోంచి వెనక బొమ్మ కనిపిస్తుంది. మాట గుహలోంచి వచ్చినట్టుంటే గాజు, నున్నటి గోడలు ఎక్కువయ్యాయని అర్థం. యాంకర్ మాట్లాడుతుంటే మీ చూపు ముఖం మీద నిలుస్తోందా, వెనక గోడ మీదికి పోతోందా? పక్కవాళ్లని కూడా అడగండి.

యాంకర్ రంగు, లావు, వయసు, కట్టూబొట్టూ మీద ఒక్క మాట కూడా రాయకండి. ఆడపిల్లలకి వచ్చే అలాంటి ఉత్తరాలు నేను చూశాను. అవి విమర్శ కాదు.

కార్యక్రమాల మార్పు

దీనికి రెండు వారాలు పడుతుంది. ఒక కాగితం మీద ఉదయం 6 నుంచి రాత్రి 11 వరకు గళ్లు గీసి, మారకముందు ఏముండేది, ఇప్పుడేముంది వేయండి. మా అత్తయ్య చూసే ఏడు గంటల బులెటిన్ పోయి ఆ చోట చర్చ వచ్చింది. చర్చ బాగుందా లేదా అన్నది తర్వాతి మాట. ముందు చూడాల్సింది, ఆ బులెటిన్‌లో వచ్చే జిల్లా వార్తలు ఇప్పుడు ఏ గంటకి దొరుకుతున్నాయి, అసలు దొరుకుతున్నాయా అన్నది. ఒక గంటలో ఎన్ని వేర్వేరు వార్తలొచ్చాయో, ఎన్ని మళ్లీ తిప్పారో లెక్కపెట్టండి. ప్రకటనలకి గంటకి 12 నిమిషాలే హద్దు. కేబుల్ టెలివిజన్ నిబంధనల్లో అంతకంటే నాకు ముఖ్యమైన వాక్యం ఇంకోటుంది. ప్రకటన కార్యక్రమానికి అడ్డు రాకూడదు, తెర కింది భాగంలో కదిలే, కదలని రాతలుగా కూడా. వార్త చదువుతుండగా తెర కుంచించుకుని పక్కన, కింద ప్రకటన పరుచుకుంటే ఆ వాక్యం గుర్తుచేయండి.

రేటింగ్ పెరిగింది కాబట్టి మార్పు మంచిదే అని ఎవరైనా అంటే తొందరపడి ఒప్పుకోకండి. 2020 అక్టోబర్‌లో టీవీ రేటింగులు లెక్కించే సంస్థ బార్క్ న్యూస్ ఛానళ్ల రేటింగులు ఆపేసింది. 2022 మార్చిలో మళ్లీ మొదలుపెట్టినప్పుడు నాలుగు వారాల సగటుగా ఇవ్వడం మొదలైంది. పోయిన సోమవారం చేసిన మార్పు ఈ వారం అంకెలో విడిగా కనబడదు.

ఉత్తరం

మావాడు మూడో సాయంత్రం రాసింది ఇదీ: "మంగళవారం రాత్రి 7:12కి మీ కింది పట్టీలో 'రాష్ట్రం' అనే మాటకి ట వత్తు అడుగున తెగింది. అదే బులెటిన్‌లో 7:19కి మాట్లాడిన రైతు పేరు మూడు సెకన్లే ఉంది, నేను చదవలేకపోయాను. మీ యూట్యూబ్ లైవ్‌లో కూడా అలాగే ఉంది కాబట్టి మా కేబుల్ తప్పు కాదు. పట్టీ ఎత్తు కొంచెం పెంచి, పేరు ఆరు సెకన్లు ఉంచితే మా ఇంట్లో పెద్దావిడ కూడా చదవగలదు. వాతావరణం మ్యాపు మీద సమయం వేయడం బాగుంది, అది మార్చకండి." చివరి వాక్యం నేను చెప్పి రాయించలేదు. బాగున్నది కూడా చెప్పకపోతే మార్చే తొందరలో దాన్నే తీసేస్తారని వాడికే అనిపించింది.

సూచన అయితే ఇలా మెయిల్ చేస్తే చాలు. పొరపాటు వార్త, మనిషి పరువుకి సంబంధించిన తప్పు అయితే ఛానల్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి ఫిర్యాదుగా పంపండి. కేబుల్ టెలివిజన్ నిబంధనలకు 2021లో చేసిన సవరణ ప్రకారం 15 రోజుల్లో వాళ్లు తేల్చాలి. రికార్డింగ్ లేదా ఫోటో మీ దగ్గర ఉంచుకోండి.

పంపిన నెల తర్వాత వారంలో అదే రోజు, అదే గంటకి మళ్లీ కూర్చుని అదే మాట వెతకండి. ఈ మంగళవారం ఏడింటికి మేం ముగ్గురం కూర్చున్నాం. "రాష్ట్రం" నాలుగుసార్లు వచ్చింది. పట్టీ ఎత్తు మారలేదు, పేరు మాత్రం ఐదు సెకన్లు ఉంది. మా అత్తయ్య చివరి అక్షరం దాకా చదివింది. వాడు రెండో ఉత్తరం మొదలుపెట్టాడు.