ఘటాలను కలిపే తీరును బట్టి కరెంటు ఎలా మారుతుందో కొలవడం ఎలా?

ఒక ఘటానికి (బ్యాటరీ సెల్‌కు) ఇంకొకటి తోడైతే కరెంటు రెట్టింపవుతుందని చాలామంది అనుకుంటారు. ఘటాలను ఎలా కలిపామో, వలయంలో ఎంత నిరోధం ఉందో చూడకుండా ఆ మాట చెప్పలేము.

ఈ ప్రయోగానికి ఒకే రకానికి చెందిన మూడు కొత్త 1.5 వోల్టుల ఘటాలు, వాటికి హోల్డర్లు, ఒక వాట్ సామర్థ్యం గల 30 ఓమ్‌ల నిరోధకం, స్విచ్చు, తీగలు, మల్టీమీటరు కావాలి. నిరోధకానికి బదులు టార్చి బల్బు వాడకపోవడమే మంచిది. ఫిలమెంటు వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది కాబట్టి, వోల్టేజి రెట్టింపైనా కరెంటు అంతగా పెరగక, లెక్క తప్పినట్టు కనిపిస్తుంది.

మొదట ఒక ఘటం, స్విచ్చు, నిరోధకం, మీటరు వరుసగా ఒకే దారిలో ఉండేలా కలపండి. మీటరును 200 మిల్లీఆంపియర్ల డి.సి. రేంజిలో ఉంచండి. దాన్ని ఘటం రెండు ధ్రువాలకు నేరుగా తగిలిస్తే లోపలి ఫ్యూజు కాలిపోతుంది. ఓమ్ నియమం ప్రకారం 1.5ను 30తో భాగిస్తే 50 మిల్లీఆంపియర్లు రావాలి; మీటరుకూ కొంత నిరోధం ఉంటుంది కనుక రీడింగు కాస్త తక్కువగా ఉండవచ్చు.

తరువాత ఒక ఘటం ధన ధ్రువాన్ని మరోదాని ఋణ ధ్రువానికి కలపండి. ఇది శ్రేణి సంధానం. రెండు ఘటాలతో సుమారు 100, మూడింటితో 150 మిల్లీఆంపియర్లు కనిపిస్తాయి. మూడింటిలో ఒకదాన్ని తిరగేస్తే కరెంటు మళ్లీ 50కి పడిపోతుంది, ఎందుకంటే ఆ ఘటం తన వోల్టేజిని కలపకపోగా మిగిలిన వాటిలో ఒకదాని వోల్టేజిని రద్దు చేస్తుంది. రీడింగు చూసిన వెంటనే స్విచ్చు తీసేయండి. తిరగేసిన ఘటం గుండా ఎక్కువసేపు కరెంటు పారితే అది కారే ప్రమాదం ఉంది.

ఇప్పుడు రెండు ఘటాల ధన ధ్రువాలను ఒకచోట, ఋణ ధ్రువాలను మరోచోట కలిపి సమాంతర సంధానం చేయండి. ఇక్కడ ఒక ఘటం తిరగబడితే స్విచ్చు వేయకపోయినా రెండూ ఒకదానికొకటి షార్టై వేడెక్కుతాయి. పాత, కొత్త ఘటాలనూ ఇలా కలపకూడదు. సరిగ్గా కలిపితే మీటరు ఇంచుమించు 50నే చూపుతుంది. ఒక్కో ఘటం 25 మిల్లీఆంపియర్లే మోస్తుంది కాబట్టి అవి ఎక్కువ కాలం పనిచేస్తాయి.

అయితే సమాంతర సంధానం కరెంటును ఎప్పటికీ పెంచదా? ప్రతి ఘటానికీ అంతర్నిరోధం, అంటే దాని లోపలే ఉండే నిరోధం, ఉంటుంది; వాడిన కొద్దీ అది పెరుగుతుంది. అది ఒక ఓమ్ అనుకుని, బయట కూడా ఒక ఓమ్ నిరోధమే పెట్టామనుకుందాం. రెండు ఘటాలు శ్రేణిలో ఉంటే 3 వోల్టులను మొత్తం 3 ఓమ్‌లతో భాగించాలి. సమాంతరంలో అంతర్నిరోధం సగమవుతుంది కనుక 1.5 వోల్టులను 1.5 ఓమ్‌లతో భాగించాలి. రెండు విధాలా వచ్చేది ఒక ఆంపియరే! బయటి నిరోధాన్ని అర ఓమ్‌కు తగ్గిస్తే శ్రేణి 1.2 ఆంపియర్లు, సమాంతరం 1.5 ఆంపియర్లు ఇస్తాయి. బయటి నిరోధం అంతర్నిరోధం కన్నా తక్కువైనప్పుడు సమాంతరానిదే పైచేయి. ఈ చివరి లెక్కను మాత్రం కాగితం మీదే చేయండి. ఇంత కరెంటును మిల్లీఆంపియర్ల రేంజి తట్టుకోలేదు.