ఇంటర్న్‌షిప్‌కి అప్లై చేసే ముందు జాగ్రత్తలు

అన్నిటికంటే ముందు: డబ్బు అడిగితే అక్కడితో ఆగిపోండి. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ కిట్, తిరిగిచ్చే డిపాజిట్... పేరేదైనా సరే. మా చెల్లికి ఇంటర్వ్యూ లేకుండానే వాట్సాప్‌లో ఆఫర్ లెటర్ వచ్చింది, "రాత్రిలోగా రూ.1,999 కట్టండి" అని. లెటర్‌లో తన పేరే తప్పుగా ఉంది. పాపం, టెన్షన్‌లో కట్టేయబోయింది. మీరు ఇప్పటికే కట్టేసి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

☐ కంపెనీ పేరు కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో వెతికారా?

☐ ఆధార్, బ్యాంకు వివరాలు అప్పుడే ఇవ్వకండి.

☐ రెజ్యూమే ఒక్క పేజీ, పీడీఎఫ్. చేయని ప్రాజెక్టు రాయొద్దు, ఇంటర్వ్యూలో మొదట అడిగేది దాని గురించే.

☐ సెమిస్టర్ పరీక్షల తేదీలు చూశారా? క్రెడిట్లు వస్తాయా, కాలేజీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఇచ్చే లెటర్) కావాలా అన్నది డిపార్ట్‌మెంట్‌లో ముందే అడగండి.