మార్కెట్ గార్డెన్ ఎందుకు ఓడిపోయిందో సుతిలి తాడుతో చెప్పడం ఎలా

నల్లగొండలో మా ఇంటి స్లాబ్ మీద ఆదివారం సాయంత్రాలు నలుగురైదుగురు పిల్లలు కూర్చుంటారు. గ్రూప్స్‌కు చదివేవాళ్ళు కొందరు, ఊరికే వినడానికి వచ్చేవాళ్ళు కొందరు. పోయినేడు వీళ్ళకు రెండో ప్రపంచ యుద్ధంలోని ఆపరేషన్ మార్కెట్ గార్డెన్ చెప్పబోయి బోర్లాపడ్డాను. ఓటమికి ఆరు కారణాలని బోర్డు మీద రాశాను: రేడియోలు పనిచేయలేదు, పొగమంచు కమ్మింది, జర్మన్ ట్యాంకులను లెక్కచేయలేదు, ఇట్లా. వారం తర్వాత అడిగితే ఆరూ గడగడా అప్పజెప్పారు. "సరే, రేడియోలు పనిచేసుంటే గెలిచేవాళ్ళా?" అంటే ఒక్కరూ నోరు మెదపలేదు. నిజానికి నా దగ్గరా జవాబు లేదు.

అప్పటినుంచి బోర్డు పక్కన పెట్టి తాడుతో చెబుతున్నాను. మీరూ చేయొచ్చు, రెండు గంటల పని. ఎండ తగ్గాక మొదలుపెట్టండి, లేకపోతే స్లాబ్ మీద కాళ్ళు కాలతాయి.

కావలసినవి: పది మీటర్ల సుతిలి తాడు, చాక్‌పీసు, ఐదు అగ్గిపెట్టెలు, 100 చింతగింజలు, పావుకిలో పల్లీలు. పల్లీలు 200 చాలు గానీ సగం పిల్లలే తినేస్తారు.

ముందు తాడు పరవండి. పది సెంటీమీటర్లు అంటే ఒక కిలోమీటరు. బెల్జియం సరిహద్దు నుంచి హాలండ్‌లోని ఆర్నెమ్ దాకా ఉన్న దారి దాదాపు 100 కిలోమీటర్లు, అంటే మన నల్లగొండ నుంచి హైదరాబాద్ అంత. నేను ఊళ్ళ పేర్లు కూడా మనవే పెడతాను, ఎందుకంటే ఐండ్‌హోవెన్, నైమేగెన్ అంటే పిల్లల కళ్ళు మూతపడతాయి. బయలుదేరేది నల్లగొండ. ఐండ్‌హోవెన్ అంటే నార్కట్‌పల్లి అనుకోండి. అది దాటాక సోన్ దగ్గర కాలువ మీద వంతెన, చిట్యాల. వేఘెల్ వంతెన చౌటుప్పల్. మాస్ నది మీద గ్రావే వంతెన అబ్దుల్లాపూర్‌మెట్. వాల్ నది మీద నైమేగెన్ వంతెన హయత్‌నగర్. చిట్టచివరికి రైన్ నది మీద ఆర్నెమ్ వంతెన, అది మన చాదర్‌ఘాట్, కింద మూసీ. దూరాలు అటూఇటూగా సరిపోతాయి. ఒక్కో వంతెన దగ్గర ఒక్కో అగ్గిపెట్టె పెట్టండి. నిజంగా ఇంకా చిన్న వంతెనలు ఉన్నాయి, అవన్నీ పెడితే తాడు కనపడదు.

ఇప్పుడు ప్లాన్ చెప్పండి, రెండు ముక్కల్లోనే. 1944 సెప్టెంబర్‌లో జర్మన్లు ఫ్రాన్స్ నుంచి వెనక్కి పరిగెడుతున్నారు. బ్రిటిష్ ఫీల్డ్ మార్షల్ మాంట్‌గోమరీ ఆలోచన ఏమిటంటే, దాదాపు 35 వేల మందిని విమానాలు, గ్లైడర్లతో (ఇంజను లేని విమానాలు) ఈ వంతెనల దగ్గర దించి పట్టుకోవాలి, అది మార్కెట్. సరిహద్దు నుంచి జనరల్ హారక్స్ నడిపే 30వ కోర్ (కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద దళం) ట్యాంకులతో ఈ తాడు పట్టుకుని వచ్చి వాళ్ళను కలుసుకోవాలి, అది గార్డెన్. ఆర్నెమ్‌లో రైన్ దాటితే జర్మనీ ఫ్యాక్టరీలన్నీ ఉన్న రూర్ ప్రాంతానికి దారి దొరికినట్టే. చాదర్‌ఘాట్ చేరడానికి ఇచ్చిన గడువు దాదాపు 48 గంటలు. మొదలైన రోజు సెప్టెంబర్ 17, ఆదివారం. (ఆ తేదీ అనగానే మన దగ్గర అందరూ 1948 అంటారు, ఇది దానికి సరిగ్గా నాలుగేళ్ళ ముందు.)

తర్వాత పల్లీలు. ఇక్కడ తొందరపడకండి, సగం కథ ఇక్కడే ఉంది. 30వ కోర్‌కు దాదాపు 20 వేల బండ్లు, అంటే పల్లీకి వంద చొప్పున 200 పల్లీలు. వాటిని తాడు మీద ఒకే వరసలో పేర్చమనండి. తాడు దిగకూడదు. వరస చిట్యాల దాకా పోతుంది, ఇంకా మొదటి పల్లీ కదలనే లేదు! పక్కకు ఎందుకు దిగకూడదని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు మిర్యాలగూడ వైపు గుర్తుచేయండి. ఎడమ కాలువ ఆయకట్టులో నాట్లు పడ్డాక గట్టు బాట మీద బండి తోలినవాళ్ళకు చెప్పక్కర్లేదు, ముందు ట్రాక్టర్ ఆగితే వెనకవన్నీ ఆగాల్సిందే, పక్కకు దిగితే ఇరుసు దాకా దిగబడుతుంది. హాలండ్‌లో చాలాచోట్ల ఆ రోడ్డూ అంతే, రెండు పక్కలా మెత్తటి నేల, నీటి కాలువలు, మధ్యలో ఎత్తుగా ఒక్క బాట. ట్యాంకు దాని మీద నిలబడితే ఆకాశానికి ఎదురుగా బొమ్మలా కనపడుతుంది, తుపాకీ ఎక్కుపెట్టినవాడికి ఇంకేం కావాలి. బయలుదేరిన కాసేపటికే ముందు వరసలో తొమ్మిది ట్యాంకులు కాలిపోయాయి. మొదటిరోజు రాత్రికి ఐండ్‌హోవెన్ కూడా చేరలేదు.

ఇప్పుడు చింతగింజలు. ఇవి ఆర్నెమ్‌కు పంపిన బ్రిటిష్ ఫస్ట్ ఎయిర్‌బోర్న్ డివిజన్, గింజకు వందమంది, మొత్తం దాదాపు 10 వేలు. పిల్లలు వంద గింజలూ తీసుకెళ్ళి చాదర్‌ఘాట్ అగ్గిపెట్టె మీద కుప్ప పోస్తారు. ఆపండి. వంతెన దగ్గర విమాన విధ్వంసక తుపాకులు ఉన్నాయని ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు ఒప్పుకోలేదు, అక్కడి నేల గ్లైడర్లకు పనికిరాదని కూడా అన్నారు. అందుకని పడమరగా 10, 12 కిలోమీటర్ల దూరంలో దించారు, అంటే చాదర్‌ఘాట్ పట్టుకోవాల్సినవాళ్ళు గోల్కొండ దగ్గర దిగారన్నమాట. పైగా ఒక్కరోజులో అందరినీ తేవడానికి విమానాలు చాలవు, ఒకే రోజు రెండు ట్రిప్పులు వేయమంటే పైవాళ్ళు కుదరదన్నారు. కాబట్టి మొదటిరోజు గోల్కొండలో పడేది సుమారు సగం గింజలే. అందులోనూ సగం, రేపు వచ్చేవాళ్ళ కోసం ఆ మైదానాన్ని కాపలా కాయాలి. మిగిలినవి నడక మొదలుపెట్టాలి. దారిలో జర్మన్ దళాలు అడ్డం పడ్డాయి. చివరికి వంతెన ఉత్తరపు కొస చేరినవాళ్ళు కల్నల్ ఫ్రాస్ట్‌తో పాటు సుమారు 740 మంది. గింజల్లో చెప్పాలంటే ఏడున్నర.

ఆ ఏడు గింజల్ని వంద గింజల డబ్బా పక్కన పెట్టి ఒక నిమిషం ఊరుకోండి. నేను ఇక్కడ ఎక్కువ మాట్లాడి చెడగొట్టాను ఒకసారి.

ఇక గడియారం. తాడు పక్కన చాక్‌పీసుతో తేదీలు రాస్తూ మొదటి పల్లీని జరపండి.

18 సాయంత్రం: చిట్యాల. వంతెన లేదు, అమెరికన్ పారాట్రూపర్లు దగ్గరికి పోతుండగానే జర్మన్లు పేల్చేశారు. అగ్గిపెట్టె తీసేయండి. ఇంజనీర్లు రాత్రంతా కష్టపడి బెయిలీ వంతెన, అంటే విడి ముక్కలు బిగించే ఇనుప వంతెన, కట్టారు.

19 తెల్లారి: పల్లీ దాటింది. ఇప్పుడు పరిగెడుతుంది, మధ్యాహ్నానికి హయత్‌నగర్. చూడండి, 48 గంటలు నిండే వేళకు ఇంకా 17 కిలోమీటర్లే మిగిలింది. పిల్లలు "అన్నా, అయిపోయినట్టే కదా" అంటారు. నైమేగెన్ వంతెన ఇంకా జర్మన్ల చేతిలోనే ఉంది. ఆ చోటు బాధ్యత జనరల్ గావిన్ నడిపే అమెరికన్ 82వ డివిజన్‌ది. వాళ్ళు మొదటిరోజు పక్కనున్న గ్రోస్‌బేక్ గుట్టల మీదే ఎక్కువ బలం పెట్టారు. పైనుంచి జనరల్ బ్రౌనింగ్ కూడా అదే ముఖ్యమన్నాడు, అటువైపు అడవిలో ట్యాంకులున్నాయన్న భయంతో. మొదటిరోజు ఆ వంతెన మీద పెద్ద కాపలా లేదు. చీకటి పడేలోగా జర్మన్లు వచ్చి కూర్చున్నారు.

20 మధ్యాహ్నం: పట్టపగలు 26 గుడ్డ పడవల్లో అమెరికన్లు వాల్ నది దాటారు, తెడ్లు చాలక కొందరు తుపాకీ మడమలతో తోసుకుంటూ. ఆ పడవలు ఎందుకు ఆలస్యమయ్యాయో పిల్లల్నే అడగండి. పల్లీల వరసలో వెనకెక్కడో ఉన్నాయి కాబట్టి! సాయంత్రానికి వంతెన చిక్కింది. ట్యాంకులు అవతలికి చేరి అక్కడే ఆగిపోయాయి, మర్నాడు మధ్యాహ్నం దాకా. ఎందుకు ఆగాయన్న దాని మీద ఇప్పటికీ కొట్లాట ఉంది. నా మటుకు, వాళ్ళ పిరికితనం అనడం అన్యాయం. వెంట కాల్బలం లేదు, ముందు మళ్ళీ అదే గట్టు బాట.

21 పొద్దున: ఆర్నెమ్ వంతెన దగ్గర మందుగుండు అయిపోయి ఫ్రాస్ట్ మనుషుల పోరాటం ముగిసింది. మొత్తం డివిజన్ రెండు రోజులు పట్టుకోవాల్సిన చోటును ఏడు గింజలు మూడు రోజులు దాటాక కూడా వదల్లేదు.

తాడు మీద కథ అయిపోయింది. అసలు పాఠం ఇప్పుడే మొదలవుతుంది. కారణాల జాబితా తీసుకుని ఒక్కో దాన్ని బాగుచేసి, పల్లీలను మళ్ళీ నడిపించండి. పిల్లలతోనే చేయించండి.

రేడియోలు బాగుచేద్దాం. డివిజన్ కమాండర్ అర్కహార్ట్ తన సైనికులతో మాట్లాడగలిగేవాడు, వాళ్ళను వెతుక్కుంటూ పోయి జర్మన్ల మధ్య ఒక ఇంటి అటకలో ఇరుక్కునేవాడు కాదు. కానీ గోల్కొండ నుంచి నడక తగ్గదు, హయత్‌నగర్ వంతెన తెరుచుకోదు.

పొగమంచు తీసేద్దాం. ఆర్నెమ్‌కే రావాల్సిన పోలిష్ పారాచూట్ బ్రిగేడ్ 21 దాకా ఇంగ్లండ్‌లో కూర్చోకుండా ముందే దిగుతుంది. కొంత మేలు, నిజమే. 21న దిగింది ఎక్కడ? నదికి ఇవతల, మన అత్తాపూర్ వైపు అనుకోండి, దాటడానికి పడవ లేని చోట. ఓటమి తర్వాత నిందలో పెద్ద వాటా పోలిష్ జనరల్ సొసబోవ్‌స్కీ మీద వేసి డిసెంబర్‌లో పదవి నుంచి తప్పించారు. ప్లాన్ బాగాలేదని ముందే అన్నవాడాయన. హాలండ్ ఆయనకు మెడల్ ఇచ్చింది 2006లో, పోయిన చాలా ఏళ్ళకు.

ట్యాంకుల సంగతి. 9, 10 ఎస్ఎస్ పాంజర్ డివిజన్లు, అంటే జర్మన్ ట్యాంకు డివిజన్లు, ఫ్రాన్స్‌లోని నార్మండీలో చితికి ఆర్నెమ్ చుట్టుపక్కల సేదతీరుతున్నాయి. బ్రౌనింగ్ దగ్గరి నిఘా అధికారి బ్రయాన్ అర్కహార్ట్ (అటకలో ఇరుక్కున్న కమాండర్ వేరు) హెచ్చరిస్తే ఆరోగ్యం బాగాలేదని సెలవు మీద పంపేశారు. ఈ ఘట్టం పిల్లలకు బాగా నచ్చుతుంది, అదే ప్రమాదం. అదొక్కటే కారణమనుకుంటారు. ఆ డివిజన్లకు అప్పుడు ట్యాంకులు చాలా తక్కువ. మన గింజల్ని దారిలో ఆపింది మొదట ట్యాంకులు కావు, దూరం, దాంతో పోయిన గంటలు.

ఇప్పుడు దూరం బాగుచేయండి. గింజల్ని వంతెనకు రెండువైపులా దించి, మొదటిరోజే రెండు ట్రిప్పులు వేయండి, అటు హయత్‌నగర్ వంతెనను మొదటిరోజే పట్టించండి. 19 సాయంత్రానికి పల్లీ చాదర్‌ఘాట్ చేరే అవకాశం ఉంది. గెలుపు ఖాయమని నేననను, వెనక వరసను వేఘెల్ దగ్గర, అంటే మన చౌటుప్పల్‌లో, జర్మన్లు తెగ్గొడుతూనే ఉన్నారు. కానీ ఫలితం మారే మార్పులు ఇవే, మిగతావి దెబ్బను పెంచినవి మాత్రమే. ఇది నా తీర్పు, మీ పిల్లలు వేరేగా తేలిస్తే తేల్చనివ్వండి.

మాంట్‌గోమరీ తర్వాత ఇది 90 శాతం విజయం అని రాసుకున్నాడు. తాడు మీద కొలిస్తే అబద్ధమేం కాదు, ఎల్బీనగర్ దాకా వచ్చారు. మూసీ దాటలేదు, అంతే. 25 రాత్రి వానలో నది దాటించి వెనక్కి తెచ్చుకున్నది దాదాపు 2,400 మందిని, అంటే 24 గింజలు. అవి వేరుచేసి లెక్కపెట్టించండి. ఆర్నెమ్ విడుదలైంది మళ్ళీ 1945 ఏప్రిల్‌లోనే. ఈలోగా చలికాలంలో హాలండ్‌లో తిండి లేక దాదాపు 20 వేలమంది చనిపోయారు. మార్కెట్ గార్డెన్‌కు సాయంగా డచ్ రైల్వేవాళ్ళు సమ్మె చేశారని జర్మన్లు తిండి సరఫరా బిగించడంతో అది మొదలైంది. ఈ లెక్కకు నేను గింజలు పెట్టను.

టైముంటే చివర్లో ఇంకొకటి చేయండి. తాడు పక్కనే ఒక జానెడు ముక్క పరచండి. బంగ్లాదేశ్ యుద్ధంలో, 1971 డిసెంబర్ 11న మన 2 పారా (పారాచూట్) బెటాలియన్ అక్కడి తంగైల్ దగ్గర దిగింది. ఒక్క బెటాలియన్, సుమారు 700 మంది, అంటే ఫ్రాస్ట్ దగ్గరున్నంతే. పట్టుకోవాల్సింది ముఖ్యంగా ఒక్క వంతెన, పూంగ్లీ. దించింది దాని దగ్గర్లోనే. నేల మీద నుంచి వచ్చే మరాఠా బెటాలియన్ మరుసటి రోజుకల్లా కలుసుకుంది. పిల్లల్ని ఆ జానెడు మీద ఏడు గింజలు పెట్టమనండి, పల్లీలు మిగిలుంటే.

వాన పడేలోగా తాడు చుట్టేయండి. తడిసిన సుతిలి మళ్ళీ వారానికి పనికిరాదు.