కథ అరువు తెచ్చుకోండి, కారణం మాత్రం మీదే పెట్టండి

కొత్తగా రాసేవాళ్ళకి ఒకటే టెన్షన్, ఈ కథ ఇదివరకే ఎవరో రాసేశారేమో అని. రాసేసే ఉంటారు. అంతమాత్రాన మీరు మానేయక్కర్లేదు.

శకుంతల కథే చూడండి. మహాభారతంలో దుష్యంతుడు ఏమీ మర్చిపోడు, అన్నీ గుర్తుండే సభలో ఆమె ఎవరో తెలియదంటాడు. కాళిదాసు ఆ కథే తీసుకుని దుర్వాసుడి శాపం పెట్టాడు, ఉంగరం పోగొట్టాడు, దాన్ని చేప కడుపులోంచి తెప్పించాడు. మనుషులు వాళ్ళే, చివరికి కలవడమూ ఉంది. మారిందల్లా ఆమెను ఎందుకు కాదన్నాడు అన్న ఒక్క కారణం. దాంతో తెలిసి తప్పు చేసిన రాజు కాస్తా, గుర్తొచ్చాక కుమిలిపోయే మనిషయ్యాడు.

మీరూ ఇదే చేయండి. మీకు బాగా నచ్చిన కథని, పుస్తకం మూసేసి, పేర్లు లేకుండా నాలుగైదు వాక్యాల్లో రాసుకోండి. మధ్యలో తెరిచి చూడొద్దు, చూస్తే ఆ రచయిత మాటలు తెలియకుండానే మీ కాగితం మీదకి వచ్చేస్తాయి. ఇప్పుడు ప్రతి వాక్యం పక్కన 'ఎందుకు' అని రాయండి. కొడుకు ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు, ఎందుకు? పాత కథలో తండ్రి కొట్టేవాడు కాబట్టి. మీ కథలో తండ్రి చాలా మంచివాడు, ఆ మంచితనం ముందు తానెప్పుడూ తక్కువే అనిపించి కొడుకు వెళ్ళిపోయాడనుకోండి. ఇక పాత కథలో తండ్రి ఏడ్చి క్షమించమని అడిగే సీన్ మీకు పనికిరాదు, ఎవరు ఎవరిని క్షమించాలో ఇద్దరికీ తెలియని సీన్ ఒకటి మీరే కనిపెట్టాలి. కష్టమే, రెండు మూడు రోజులు ఏమీ తోచకపోవచ్చు. కానీ ఆగిపోయిన ఆ చోటే మీ సొంత కథకి మొదలు, దాన్ని దాటేయడానికి మళ్ళీ పాత కథ దగ్గరికి పరుగెత్తకండి.

పేర్లు, ఊళ్ళు మార్చేస్తే చాలనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. చాలదు. 1922లో జర్మనీలో వచ్చిన నోస్ఫెరాటు సినిమాకి డ్రాకులా నవలని అనుమతి లేకుండా వాడుకుని పాత్రల పేర్లు మార్చారు. రచయిత భార్య కోర్టుకి వెళ్ళింది, ప్రింట్లన్నీ నాశనం చేయమని కోర్టు ఆదేశించింది. కాపీరైట్ ఆలోచనకి ఉండదు, దాన్ని చెప్పిన తీరుకి ఉంటుంది. ఇద్దరు శత్రువులు ప్రేమలో పడటం ఎవరి సొత్తూ కాదు, కానీ ఒకరు అల్లిన సన్నివేశాల వరుస, సంభాషణలు వాళ్ళవే. డైలాగ్ అయితే ఒక్కటి కూడా ఎత్తకండి. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం ప్రకారం మామూలుగా రచయిత పోయాక కనీసం 50 ఏళ్ళు హక్కు ఉంటుంది, చాలా దేశాల్లో ఇంకా ఎక్కువ. హక్కు ముగిసిన కథే అయినా, దాన్ని నేరుగా తిరగరాస్తుంటే ఎక్కడి నుంచి తీసుకున్నారో ముందే ఒక మాట చెప్పండి, అది ఆ రచయితకి మనం ఇవ్వాల్సిన మర్యాద.

రాయడం అయ్యాక, అసలు కథ చదివిన స్నేహితులు ఎవరికైనా ఇవ్వండి. ముందే ఏమీ చెప్పకుండా ఇచ్చి, పాత కథ ఎక్కడ గుర్తొచ్చిందో అడగండి. మొదట్లో గుర్తొచ్చి తర్వాత మర్చిపోయామంటే కథని అచ్చుకి పంపించేయొచ్చు. చివరి సీన్‌లో గుర్తొచ్చిందంటే మాత్రం ఆ 'ఎందుకు'లు రాసుకున్న కాగితం మళ్ళీ తీయండి, మార్చకుండా వదిలేసిన కారణం ఒకటి అందులో ఉండే ఉంటుంది.